థీసిస్ డిఫెన్స్‌కి బంధుమిత్ర సపరివారంగా

"ఔను", "కాదు" అనే రెండు మాటల్నీ తక్షణం నిషేధించాలి!

ఉలిక్కిపడకండి. ఆవేశంలో అంటున్న మాట కాదిది. ఇంతవరకూ మీ ఇంట్లో జరిగిన గొడవలన్నీ ఒక్కసారి గుర్తు చేసుకోండి. ప్రతి గొడవకీ మొదట్లో ఎవరో ఒకరు తొందరపడి ఔననో కాదనో అనేసి ఉంటారు. ఆ ఒక్క ముక్క నోరు జారకుండా ఉంటే కాపురాలు నిలబడేవి, స్నేహాలు నిలబడేవి, చివరికి తెలుగు సంఘాల కార్యవర్గాలు కూడా చీలకుండా నిలబడేవి.

రాజకీయ నాయకులకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. ఆచరణలో పెట్టారు గాని, పాపం రుజువు చేయలేకపోయారు. రుజువు చేసినవాడు మన కుర్రాడే! అరిజోనా రాష్ట్రం, చాండ్లర్ ఊళ్ళో, బాబాయి ఇంటి మేడ మీది గదిలో ఏసీ కింద కూర్చుని చేశాడు. పేరు హర్షవర్ధన్. ఊరు ఏలూరు. ఎఫ్-వన్ వీసా మీద మాస్టర్స్ చదవడానికి వచ్చి, తోటివాళ్ళంతా కంప్యూటర్ కోర్సుల్లోకి దూకుతుంటే తనొక్కడూ ఫిజిక్స్ పీహెచ్‌డీలోకి దిగబడ్డాడు.

వాడి పరిశోధన ఏమిటో చెబుతాను. భయపడకండి, నాకు అర్థమైనంతే చెబుతాను.

ఎలక్ట్రాన్ అని ఒకటుంది. అది ఎక్కడుంది అని అడిగితే, చూస్తేగాని చెప్పలేం అంటుంది క్వాంటమ్ సిద్ధాంతం. మరి చూడకముందు ఎక్కడుంది? ఆ ప్రశ్న అడగకూడదు అంటుంది. ఎందుకడగకూడదండీ? అడగకూడదంతే! చాలామంది మహామహులు ఈ ఒక్క ప్రశ్నా అడగకుండా ఉద్యోగాలు చేసి, దండలు వేయించుకుని, మర్యాదగా రిటైరైపోయారు.

హర్షవర్ధన్‌కి ఇది మింగుడుపడలేదు. ప్రపంచం అంటూ ఒకటుండాలి, మనం చూసినా చూడకపోయినా ఉండాలి అని వాడి పట్టుదల. దీన్నే వాళ్ళ భాషలో రియలిజం అంటారు. దాన్ని తిరిగి నిలబెట్టడానికి మామూలు లెక్కలు చాలవట. అందుకని, చుక్కలూ బాణాలూ తప్ప మచ్చుకి ఒక్క అంకె కూడా కనిపించని నైరూప్య గణితం ఒకటి ఉంటే దాన్ని పట్టుకున్నాడు. దారి వేసిన పెద్దలు వేరే ఉన్నారు. వీడు ఆ దారి పక్కన తన వంతు ఓ గది కట్టుకున్నాడు.

ఆ గణితంలో ప్రతి వాక్యానికీ ఎప్పుడూ ఒక విలువ ఉంటుంది. ఎవరూ చూడక్కర్లేదు, కొలవక్కర్లేదు. కాకపోతే ఆ విలువ ఔను అనీ ఉండదు, కాదు అనీ ఉండదు. ఏయే సందర్భంలో ఎంత మేరకు నిజం అన్నదే దాని విలువ! ఒక సందర్భానికి సన్నటి వివరం అందకపోతే ముతక వివరం చెబితే చాలు. "ఎలక్ట్రాన్ ఈ గదిలో ఉంది" అని చెప్పే వీలులేని చోట "ఎలక్ట్రాన్ ఈ ఊళ్ళో ఉంది" అనొచ్చు. అది అబద్ధమా? గదిలో ఉన్నది ఊళ్ళో ఉండదా?

చూశారా, ఎంత మర్యాదైన సిద్ధాంతమో! ఇన్నాళ్ళూ మనం దీన్ని ఫిజిక్స్ అనుకోలేదు గాని, అమెరికాలో తెలుగువాళ్ళ బతుకంతా దీని మీదే నడుస్తోంది.

ఇంటికో వంటకం తెచ్చుకునే పాట్‌లక్ భోజనానికి పిలిస్తే ఏమంటాం? "ట్రై చేస్తామండీ." వస్తామనా? రామనా? ఆ రోజుకి మేం భూమ్మీద ఉంటాం అని! గ్రీన్‌కార్డు సంగతేమిటని అడిగితే "ప్రాసెస్‌లో ఉంది" అంటాం. ఆ ప్రాసెస్‌లో పుట్టిన పిల్లలు కాలేజీకి వెళ్ళిపోయినా అది ప్రాసెస్‌లోనే ఉంటుంది. మేనేజర్ అడిగితే ప్రాజెక్టు "ఆన్ ట్రాక్". ట్రాక్ మీద ఉంది సరే, రైలు కదులుతోందా అని అడిగే మోటు మనిషి ఆఫీసులో ఎవరుంటారు? మొన్న మా వీధిలో ఒకాయనకి ఒళ్ళంతా కట్లు కట్టి ఆస్పత్రి మంచం మీద పడుకోబెట్టారు. ఎలా ఉన్నారండీ అంటే "గోయింగ్ ఆన్" అన్నాడు. ఔనంటే ఒక బాధ, కాదంటే ఒక బాధ. ఈ రెండూ లేని చోట ఎంత ప్రశాంతత!

హర్షవర్ధన్ ఆ ప్రశాంతతలోనే ఉండేవాడు. వాడికి మూడు సందర్భాలు ఉండేవి.

మొదటిది పిన్ని. పేరు విజయశ్రీ. చదువు పూర్తయ్యేదాకా వాడిని ఇంట్లో ఉంచుకుని, మూడు పూటలా తిండి పెట్టిన తల్లి. ఆవిడకి మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో, దమయంతి అని ఓ స్నేహితురాలుంది. ఆ దమయంతిగారికి పెళ్ళీడుకొచ్చిన కూతురుంది.

"ఏరా, దమయంతి వాళ్ళమ్మాయి ఫొటో చూశావా?"

"చూశాను పిన్నీ."

"బాగుందా?"

"బాగుంది పిన్నీ."

"మరి మాట్లాడమంటావా?"

"నీ ఇష్టం పిన్నీ."

ఇందులో ఒక్క అబద్ధం చూపించండి! ఫొటో చూశాడు. అమ్మాయి బాగుంది. ఇక మాట్లాడటమా, అది ఎప్పుడూ పిన్ని ఇష్టమే. సాయంత్రానికల్లా ఫార్మింగ్టన్ హిల్స్‌లో అబ్బాయి ఒప్పుకున్నాడని స్వీట్లు పంచారు.

రెండోది గైడ్. పెద్దాయన, అమెరికన్, వాడంటే పుత్రవాత్సల్యం. ఆయన జర్మనీలో తన స్నేహితుడి దగ్గర వీడికి పీహెచ్‌డీ తర్వాత చేసే పోస్ట్‌డాక్ ఉద్యోగం మాట్లాడిపెట్టి, వెళ్తావా అని అడిగాడు. "దట్ వుడ్ బీ వండర్‌ఫుల్" అన్నాడు వీడు. వెళ్తే అద్భుతంగా ఉంటుందన్నాడు, నిజమే కదా. వెళ్తానన్నాడా?

మూడోది దేదీప్య. వరంగల్ అమ్మాయి. చాండ్లర్‌లోనే కంప్యూటర్ చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. వీళ్ళిద్దరి పరిచయం ముదిరి ప్రేమ అయ్యి, ఆ ప్రేమ కూడా ముదిరింది. ఆమెకి వాషింగ్టన్ రాష్ట్రంలో, బాతెల్‌లో, మంచి ఉద్యోగం వచ్చింది. ఆగస్టులో చేరాలి. నువ్వూ వస్తావా అని అడిగింది. వస్తే పెళ్ళి సంగతి ఇంట్లో చెబుతానంది.

"నువ్వు లేకుండా నేనెక్కడికి పోతాను దేదీప్యా?" అన్నాడు హర్షవర్ధన్.

ప్రశ్నకి ప్రశ్న! ఆమె దాన్ని జవాబుగా తీసుకుని సంతోషపడింది.

ఇక్కడ ఒక మాట నిజంగానే చెప్పాలి. హర్షవర్ధన్ మోసగాడు కాదు. దేదీప్య అంటే వాడికి ప్రాణం. షిఫ్టు అయ్యాక ఆమె ఫ్యాక్టరీలో దుమ్ము పడకుండా వేసుకునే తెల్ల సూటు విప్పి బయటికి వచ్చేసరికి బుగ్గల మీద మాస్కు అంచు గీతలు పడి ఉండేవి. కారులో కూర్చుని ఆ గీతలు చూస్తూ వాడు సీటు బెల్టు పెట్టుకోవడం మరిచిపోయేవాడు. అలాగని పిన్ని అంటే తక్కువ ప్రేమా? గైడ్ అంటే తక్కువ గౌరవమా? ఎవరి మొహం చిన్నబోయినా వాడు చూడలేడు. "కాదు" అనే మాట నోటిదాకా వచ్చి, చెప్పులు విప్పకుండానే వెనక్కి వెళ్ళిపోయేది.

అందుకని వాడు తన సిద్ధాంతం ప్రకారమే బతికాడు. దేదీప్యతో సినిమాకి వెళ్తే పిన్నికి "బయటికి వెళ్ళొస్తా" అని చెప్పేవాడు. సినిమా హాలు బయట కాదా? దేదీప్యతో బాతెల్ చూసి రావడానికి వెళ్తే గైడ్‌కి "కొంచెం ట్రావెల్ ఉంది సార్" అనేవాడు. నిజాన్ని ఎక్కడా చంపలేదు. ముతకగా నూరి వడ్డించాడంతే.

ఈ సిద్ధాంతానికి ఒకే ఒక్క నియమం ఉంది. సందర్భాలన్నిటినీ ఒకేచోట అతికించి ఒకే బొమ్మ చేయడం కుదరదు. ఆ నియమాన్ని హర్షవర్ధన్ కళ్ళల్లో వత్తులు వేసుకుని కాపాడాడు. పిన్ని ఎప్పుడూ యూనివర్సిటీకి రాలేదు. గైడ్ ఎప్పుడూ చాండ్లర్‌లో భోంచేయలేదు. దేదీప్య ఎప్పుడూ ఆ ఇంటి వీధిలోకి కారు తిప్పలేదు. పీహెచ్‌డీ ఆఖరి పరీక్ష, ఆ థీసిస్ డిఫెన్స్ రోజుకి తనూ వస్తానని ఆమె అంటే, "ఎవరూ రారు దేదీప్యా, నలుగురు ప్రొఫెసర్లూ ఓ ప్రొజెక్టరూ, నీకు బోర్ కొడుతుంది" అన్నాడు.

కానీ వాడికి బాబాయి ఉన్నాడు! రాధాకృష్ణగారు చాండ్లర్ తెలుగు సంఘానికి మాజీ అధ్యక్షుడు. ఇంట్లో శుభకార్యం అంటే వాట్సాప్‌లో కార్డు వేయకుండా ఉండలేని మనిషి. డిఫెన్స్ అంటే ఏమిటో కనుక్కున్నాడు. వేదిక మీద అబ్బాయి కూర్చుంటాడు, పెద్దలు ప్రశ్నలడుగుతారు, పాసయితే దీవిస్తారు, ఎవరైనా రావచ్చు. ఇంకేం, మహోత్సవమే!

ముందు మంగళవారం అనుకున్నారు. మంగళవారం శుభకార్యమేమిటని పిన్ని పట్టుబట్టింది. "కుటుంబ కారణాలు" అని గైడ్‌కి రాసి హర్షవర్ధన్ దాన్ని గురువారానికి మార్పించాడు. అదే అదనుగా బాబాయి తన ఇంటి గృహప్రవేశం కార్డు బయటికి తీసి, గృహప్రవేశం అన్న చోటల్లా థీసిస్ డిఫెన్స్ అని మార్చి, పైన వినాయకుణ్ణి అలాగే ఉంచి, తెలిసిన గ్రూపులన్నిటికీ పంపించాడు. తామెల్లరు బంధుమిత్ర సపరివారంగా విచ్చేసి, చి. హర్షవర్ధన్‌ని ఆశీర్వదించి, అనంతరం మా ఆతిథ్యం స్వీకరించవలసిందని ప్రార్థన. వేదిక, ఫిజిక్స్ బిల్డింగ్, మూడో అంతస్తు. పాత కార్డులో ఒక్క ముక్క మాత్రం చెరపడం మరిచిపోయాడు. "ముందుగా గోప్రవేశం" అన్నది అలాగే ఉండిపోయింది.

గురువారం పొద్దున హర్షవర్ధన్ లాప్‌టాప్ సంచీతో మూడో అంతస్తు ఎక్కేసరికి కారిడార్ నిండా పట్టుచీరలు! పిల్లలు ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చుట్టూ దాగుడుమూతలు ఆడుతున్నారు. పులిహోర ట్రేలు సెమినార్ హాల్ గుమ్మంలో బారులు తీరి ఉన్నాయి. వెంకటస్వామి అనే పెద్దమనిషి డిపార్ట్‌మెంట్ సెక్రటరీని పట్టుకుని, ఆవు లిఫ్టులో వస్తుందా, మెట్లెక్కి వస్తుందా అని ఇంగ్లీషులో ఆరా తీస్తున్నాడు. ఆవిడ అప్పటికే సెక్యూరిటీకి ఫోన్ చేసింది.

ముందు వరసలో పిన్ని కూర్చుంది. పక్కన గైడ్. వెనక వరసలో, గోడ పక్కన, దేదీప్య. అపార్ట్‌మెంట్ గ్రూపులో ఆమెకీ కార్డు వచ్చింది మరి.

హర్షవర్ధన్ ప్రొజెక్టర్ వైరు రెండుసార్లు తప్పు చోట గుచ్చాడు. అయినా చెప్పడం మొదలుపెట్టాక దారిన పడ్డాడు. గొప్పగా చెప్పాడు. ఎవరూ చూడకపోయినా ఎలక్ట్రాన్ ఉందని నిలబెట్టాడు. మూడో అధ్యాయం దగ్గరికి వచ్చేసరికి గొంతు కూడా పెరిగింది. ఈ తర్కంలో "కాదు అనలేం" అని తేలినంత మాత్రాన "ఔను" అని తేలినట్టు కాదు, రెండూ వేరు వేరు, ఇదే నా థీసిస్‌కి ప్రాణం అన్నాడు. బోర్డు మీద బాణాలు వేసి మరీ చూపించాడు. గైడ్ గర్వంగా తల ఆడించాడు. ఆయన ఆడించాడని పిన్నీ ఆడించింది.

తర్వాత ప్రేక్షకుల ప్రశ్నలు. పిన్ని ఫోన్ పైకెత్తి పట్టుకుంది. అందులో వీడియోలో దమయంతిగారు.

"చాలా బాగా చెప్పావు నాయనా, ఒక్క ముక్క అర్థం కాలేదు. నాకొక్కటే డౌటు. ఆగస్టు నుంచి ఎక్కడుంటావు?"

"ఇంకెక్కడ వదినా! మీ ఫార్మింగ్టన్ హిల్స్ చుట్టుపక్కలే!" అంది పిన్ని, అప్పుడే వియ్యపు వరస కలిపేసి, ఫోన్‌లోకి.

జనం నవ్వారు. ఏమిటి సంగతని గైడ్ పక్కకి వంగి అడిగాడు. బాబాయి దమయంతిగారి ప్రశ్న వరకూ తర్జుమా చేశాడు. ఆ ప్రశ్నకి జవాబు తనకి తెలుసని గైడ్ మొహం వెలిగిపోయింది. లేచి నిలబడి, చేతులు చాపి, "జర్మనీ!" అన్నాడు.

హాలు చల్లబడింది. ఫోన్‌లోంచి "జర్మనీయా? విజయా, జర్మనీ ఏమిటే?" అని వినిపిస్తోంది. పిన్ని ఫోన్‌ని ఒళ్ళో బోర్లా పెట్టుకుంది.

అప్పుడు వెనక వరసలో దేదీప్య లేచింది. ప్రొఫెసర్లకి కూడా తెలియాలని ఇంగ్లీషులోనే, నెమ్మదిగా అడిగింది. నేను చిప్పులు తయారుచేసే చోట పనిచేస్తాను. మా దగ్గర టెస్ట్ చేస్తే పాసన్నా అవుతుంది, చెత్తలోకన్నా పోతుంది. మీ సిద్ధాంతం ప్రకారం, ఒక మనిషి ఆగస్టులో బాతెల్‌లో ఉంటాడు అనే వాక్యానికి విలువ ఎంత?

హర్షవర్ధన్ మంచినీళ్ళు తాగాడు. పిన్ని వైపు చూశాడు, గైడ్ వైపు చూశాడు. దేదీప్య వైపు చూడబోయి, బోర్డు వైపు తిరిగాడు.

"ఒక సందర్భంలో అది పూర్తిగా నిజం. ఇంకో సందర్భంలో, ఆ మనిషికి ప్రయాణం ఉంది అన్నంత మేరకు నిజం. మరో సందర్భంలో, ఆ మనిషి ఎక్కడో ఒకచోట ఉంటాడు అన్నంత మేరకు నిజం. వీటన్నిటినీ కలిపి ఒకే ఔనుగా చెప్పడానికి గణితం ఒప్పుకోదు."

"అంటే కాదనా?"

"కాదని కూడా అనలేం."

పరీక్ష కమిటీ ప్రొఫెసర్లు మురిసిపోయారు! తన సిద్ధాంతాన్ని ఇంత విడమరిచి వీడు ఎన్నడూ చెప్పలేదని గైడ్ అందరిముందూ మెచ్చుకున్నాడు. చప్పట్లు మోగాయి. లోపలికి వెళ్ళి తలుపేసుకున్న ప్రొఫెసర్లు చిటికెలో బయటికి వచ్చి "డాక్టర్ హర్షవర్ధన్" అని పిలిచారు. బాబాయి అక్షింతలు చల్లాడు. వాటిలో కొన్ని ప్రొజెక్టర్‌లోకి పోయాయి.

డాక్టర్ హర్షవర్ధన్ ఒక పులిహోర ట్రే చేత్తో పట్టుకుని పార్కింగ్ లాట్‌లోకి పరుగెత్తాడు. పెనం మీద నిలబడ్డట్టుంది ఎండ. దేదీప్య కారు తలుపు తీసి, లోపలి వేడి పోయేదాకా బయటే నిలబడింది.

"కంగ్రాట్స్ డాక్టర్ సాబ్."

"దేదీప్యా, ప్లీజ్. అందరిముందూ అలా అడిగితే ఎలా చెప్తాను? పిన్ని ఉంది, సార్ ఉన్నారు..."

"ఇప్పుడెవ్వరు లేరు హర్షా. నువ్వున్నవ్, నేనున్న. సీదా చెప్పు. ఒస్తున్నవా, ఒస్తలేవా?"

ఇద్దరే. చుట్టూ ఖాళీ కార్లు. ఇంతకంటే తేలికైన పరీక్ష ఏ విద్యార్థికీ దొరకదు. వాడికి వెళ్ళాలనే ఉంది. ఒళ్ళంతా ఔననే అంటోంది. కానీ ఔనంటే ఈ సాయంత్రం పిన్నికి కాదనాలి, రేపు పొద్దున గైడ్‌కి కాదనాలి. వాళ్ళిద్దరి మొహాలూ కళ్ళముందు చిన్నబోయాయి. నోరు తెరిచాడు.

"నేను రానని ఎప్పుడైనా అన్నానా?"

దేదీప్య హ్యాండ్‌బ్యాగ్ తీసి పక్క సీట్లోకి విసిరింది.

"అనలే. రాననకపోతే ఒస్తనన్నట్టు కాదని గిప్పుడే బోర్డు మీద రాసి చూపిచ్చినవ్ గదా. నీ లెక్క కరెక్టే. నేనే ఇన్ని దినాలు తప్పు చదువుకున్న."

చున్నీతో కళ్ళు తుడుచుకుంది. అరిజోనాలో అదొక సౌకర్యం, చెమట అని చెప్పుకోవచ్చు. కారెక్కి, స్టీరింగ్ కాలుతుంటే వేళ్ళ కొసలతో తిప్పుకుంటూ వెళ్ళిపోయింది. వీడు ట్రే పట్టుకుని నిలబడ్డాడు.

పాఠక మహాశయులారా! ఈ సిద్ధాంతం గొప్పతనం ఇప్పటికైనా ఒప్పుకుంటారా? హర్షవర్ధన్ ఎవరికీ కాదనలేదు. ఎవరి మనసూ నొప్పించలేదు. దమయంతిగారు తన కూతురికి ఫార్మింగ్టన్ హిల్స్‌లోనే వేరే సంబంధం ఖాయం చేసుకున్నారు. జర్మనీవాళ్ళు వీడి జవాబు కోసం చూసి చూసి ఇంకొకరిని తీసుకున్నారు. పిన్ని ఇప్పటికీ వేడివేడిగా అన్నం పెడుతోంది, కాకపోతే మాట్లాడటం లేదు. ఒక్క గొడవైనా జరిగిందా? ఇంతమందిని ఇంత మర్యాదగా ఏడిపించడం ఔను-కాదుల వల్ల అయ్యే పనేనా?

ఎలక్ట్రాన్ సంగతి తేలినందుకు నాకూ సంతోషమే. మనం చూసినా చూడకపోయినా అది ఉందట. శుభం. కానీ ఒక పిల్ల ఎదురుగా నిలబడి కళ్ళలోకి చూస్తూ అడిగినా లేకుండా పోయే మనుషులున్నారే, వాళ్ళ ఉనికిని నిలబెట్టే గణితం ఎవరు కనిపెడతారు? నాకు మండేది అక్కడ!

ఆగస్టులో హర్షవర్ధన్‌కి ధైర్యం వచ్చింది. బాతెల్ వెళ్తున్నానని పిన్నికి చెప్పేశాడు. గైడ్‌కి ఈమెయిల్ కొట్టేశాడు. అద్దం ముందు నిలబడి "ఔను, వస్తున్నాను" అని గొంతు సవరించుకుని మరీ ప్రాక్టీస్ చేశాడు. శనివారం పొద్దున బాతెల్‌కి ఫోన్ చేశాడు. దేదీప్య ఎత్తింది.

"దేదీప్యా, నీకొకటి చెప్పాలి. చెప్పేముందు కొంచెం బ్యాక్‌గ్రౌండ్ చెప్తాను. అసలు ఆ రోజు నేను అన్న మాటని ఏ సందర్భంలో చూడాలంటే..."

అవతల ఎవరో తలుపు కొట్టారు. "ఒక్క నిమిషం" అని ఆమె ఫోన్ పక్కన పెట్టిన చప్పుడైంది. పక్క ఫ్లాట్‌లో ఉండే తెలుగావిడ కాబోలు, కూరగిన్నె తెచ్చినట్టుంది. ఆవిడ గొంతు స్పష్టంగా వినబడుతోంది.

"కొత్తగా వచ్చారని తెలిసిందమ్మా. ఇంకెవరైనా వచ్చేవాళ్ళున్నారా, నువ్వొక్కదానివేనా?"

హర్షవర్ధన్ ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకున్నాడు.

"ఒక్కదాన్నే ఆంటీ" అంది దేదీప్య.